పరాయి యంత్రంలో సొంత వ్యవస్థ: మెయిన్‌ఫ్రేమ్‌పై యూనిక్స్, దక్కన్ నుంచి చూసిన చరిత్ర

కంప్యూటర్ చరిత్ర పేరుతో వెలువడే గ్రంథాల్లో ఎక్కువ భాగం యంత్రాల చరిత్రే. ఏ ఏట ఏ కంపెనీ ఎంత వేగంగా లెక్కగట్టే యంత్రాన్ని తెచ్చిందో, దాని ధర ఎంతో, మెమరీ ఎంతో వాటిలో వివరంగా ఉంటుంది గానీ, ఆ యంత్రాన్ని లోపలి నుంచి నడిపించే వ్యవస్థ ఎవరి అధీనంలో ఉండేదన్న ప్రశ్నకు దక్కే చోటు తక్కువ. యంత్రాన్ని తయారుచేసిన దేశానికి ఈ ప్రశ్న అంత పట్టింపు కాకపోవచ్చు. దాన్ని ఓడలో తెప్పించుకుని, విడిభాగాల కోసం, మాన్యువళ్ల కోసం, మరమ్మతు చేసే ఇంజనీరు కోసం తయారీదారు మీదే ఆధారపడిన దేశానికి మాత్రం అదే మొదటి ప్రశ్న. మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల మీద యూనిక్స్ తరహా వ్యవస్థను నడిపించడానికి 1970ల మధ్య నుంచి జరిగిన ప్రయత్నాల చరిత్రను హైదరాబాద్, సికింద్రాబాద్, బీదర్‌లతో కూడిన దక్కన్ నుంచి చూసినప్పుడు, ఆ ప్రశ్నే దానికి అంతస్సూత్రంగా కనిపిస్తుంది.

మెయిన్‌ఫ్రేమ్ అన్నది మొదట్లో కంప్యూటర్ ప్రధాన గణన భాగాన్ని ఇముడ్చుకున్న పెద్ద ఇనుప బీరువాకు పేరు. బ్యాంకులు, బీమా సంస్థలు, రైల్వేలు, ప్రభుత్వ శాఖలు తమ ఖాతాలన్నిటినీ అప్పగించే భారీ కంప్యూటర్ల జాతి మొత్తానికి తర్వాత అదే పేరు స్థిరపడింది. వేగం ఒక్కటే ఈ జాతి లక్షణం కాదు. డిస్కులతో, టేపులతో, ప్రింటర్లతో సాగే ఇచ్చిపుచ్చుకోవడాల భారం ప్రధాన ప్రాసెసర్ మీద పడకుండా చూసే ‘ఛానల్’ అనే ఉపయంత్రాలు, ఒక భాగం చెడినా తక్కినవి పనిచేస్తూ ఉండేందుకు చేసిన ఏర్పాట్లు, వందలాది మంది పనిని ఒకరిది మరొకరికి తగలకుండా మోసే సామర్థ్యం దీని అసలు గుణాలు. యంత్రానికీ ప్రోగ్రాములకూ మధ్య నిలిచి, మెమరీని పంచుతూ, ఫైళ్లను కాపాడుతూ, ఎవరి పని ముందో ఎవరిది తర్వాతో నిర్ణయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 ఈ జాతికి మూలపురుషుడి వంటిది. చిన్నదీ పెద్దదీ అన్న తేడా లేకుండా ఆ కుటుంబంలోని యంత్రాలన్నిటికీ ఒకే ఆదేశాల భాష ఉండడం దాని గొప్పతనం. దాని కోసం రాసిన ఓఎస్/360 అనే వ్యవస్థ పది లక్షల వరసలు దాటింది; ఆ పనికి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ లెక్క ప్రకారం అందులో 5,000 మనిషి-సంవత్సరాలకు పైగా శ్రమ ఇమిడి ఉంది. అంత శ్రమతో కట్టిన వ్యవస్థ కూడా ఆ కుటుంబపు గడప దాటి ఒక్క అడుగు బయటకు వెయ్యలేకపోయేది.

బీదర్ పట్టణం, దానితో కలిసిపోయిన చిద్రి 1956 నవంబరు 1 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనివి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లినా, నిజాం కాలంలో వికారాబాద్ నుంచి వేసిన రైలు మార్గం మీది బీదర్ స్టేషన్ ఈనాటికీ దక్షిణ మధ్య రైల్వేలో సికింద్రాబాద్ డివిజన్ కిందే ఉంది. అందువల్ల ఈ ప్రాంతపు ప్రజల నిత్యజీవితంలోకి పెద్ద కంప్యూటర్ ఏ రూపంలో వచ్చినా, అది ముందు హైదరాబాద్, సికింద్రాబాద్‌ల మీదుగానే వచ్చింది.

భారతదేశంలో 1960ల నుంచి విస్తరించిన పెద్ద కంప్యూటర్లలో ఐబీఎం 1401 రకానిది అగ్రస్థానం. రైల్వే జోన్ల ప్రధాన కార్యాలయాల్లో జీతాల లెక్కలకూ సరకు రవాణా లెక్కలకూ దాన్నే వాడారు. ఈ యంత్రాలలో చాలా వాటిని సంస్థలు కొనుక్కోలేదు, అద్దెకు తీసుకున్నాయి. అద్దెతోపాటు నిర్వహణ, విడిభాగాలు, శిక్షణ అన్నీ తయారీదారు చేతిలోనే ఉండేవి. 1973లో వచ్చిన విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని కోరింది. ఐబీఎం అందుకు ఒప్పుకోకుండా 1978లో దేశం నుంచి వైదొలగింది. యంత్రాలు మిగిలాయి, వాటిని తెచ్చినవారు మిగలలేదు. దేశమంతటా 800కు పైగా చోట్ల ఉన్న ఆ యంత్రాల ఆలనాపాలనా 1975 డిసెంబరులో ప్రభుత్వం నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ మీద పడింది; ఆ సంస్థే తర్వాత సీఎంసీగా పేరు మార్చుకుని, పరిశోధనాభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టుకుని, ఈ నగరపు సాఫ్ట్‌వేర్ వృత్తికి తొలి పాఠశాలల్లో ఒకటైంది.

సీఎంసీ ఇంజనీర్లు నేర్చుకున్న విద్య ప్రపంచంలో చాలాచోట్ల లేనిది. అమెరికాలో ఐబీఎం ఇంజనీరుకు ఐబీఎం యంత్రం తెలిస్తే చాలు. ఇక్కడి ఇంజనీరు ఈ వారం ఒక అమెరికన్ కంపెనీ యంత్రాన్ని, వచ్చే వారం బ్రిటన్ నుంచి వచ్చిన ఐసీఎల్ యంత్రాన్ని, ఆ పైవారం మరో కంపెనీ మినీకంప్యూటర్‌ను విప్పి చూడవలసి వచ్చేది. ఇవి చాలవన్నట్టు సోవియట్ కూటమి నుంచి ఈసీ శ్రేణి యంత్రాలు కూడా దేశంలోకి వచ్చాయి. బొంబాయి ఐఐటీలో ఈసీ-1030 నెలకొన్నది 1970ల్లోనే. ఈసీ శ్రేణి సిస్టమ్/360కి సోవియట్ ప్రతిరూపం, దాని ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఓఎస్/360 నుంచి పుట్టినదే. అంటే ఐబీఎం లేని చోటికి సైతం ఐబీఎం వ్యవస్థ వేరే దారిలో వచ్చి చేరింది. ఇన్ని జాతుల యంత్రాల మధ్య ఒకదాని మీద రాసిన జీతాల ప్రోగ్రాము ఇంకొకదాని మీద నడవదు; యంత్రం మారితే కార్డులూ టేపులూ ప్రోగ్రాములూ మళ్లీ మొదటికి రావలసిందే. బడి మారిన ప్రతిసారీ అక్షరాభ్యాసం మళ్లీ చేయించుకోవలసిన పిల్లవాడి పరిస్థితి అది.

దీనికి హైదరాబాద్ వెతికిన సమాధానాల్లో మొదటిది యంత్రాన్నే సొంతంగా తయారుచేసుకోవడం. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967 ఏప్రిల్ 11న ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను వెలువరించింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. బొంబాయి శివార్లలోని అణుశక్తి పరిశోధన కేంద్రంలో దాని రూపకల్పన జరిగినందువల్ల ఆ పేరు. దాని తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. ఇవి మెయిన్‌ఫ్రేమ్‌లు కావు, మధ్యస్థాయి యంత్రాలు. అయినా యంత్రం లోపలి వలయాల దగ్గర నుంచి వ్యవస్థ దాకా అన్నీ తెలిసిన ఒక తరాన్ని అవి ఈ నగరానికి ఇచ్చాయి. నేడు ఏఎస్ రావు నగర్ అన్న కాలనీ పేరులో మిగిలిన ఆ వ్యక్తి చేసిన పనికి తెలుగు చరిత్ర రచనలో దక్కిన చోటు చాలా తక్కువ, అది పూరించవలసిన లోటు.

రెండో సమాధానం అమెరికాలో, వేరే కారణాల వల్ల, అప్పటికే రూపుదిద్దుకుంటోంది: యంత్రం ఎవరిదైనా కానీ, దాని మీద నడిచే వ్యవస్థ మాత్రం ఒక్కటే ఉండాలన్నది దాని సారం. ఆ వ్యవస్థ యూనిక్స్.

యూనిక్స్ చిన్న యంత్రం మీద పుట్టిందన్నది అందరూ చెప్పే మాట. అది ఒక మెయిన్‌ఫ్రేమ్ ప్రయత్నం వికటించడం వల్ల పుట్టిందన్నది అంత ప్రచారం పొందని నిజం. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, అమెరికన్ టెలిఫోన్ సంస్థకు చెందిన బెల్ ల్యాబ్స్ కలిసి 1960ల మధ్యలో జీఈ-645 అనే మెయిన్‌ఫ్రేమ్ కోసం మల్టిక్స్ అనే వ్యవస్థను తలపెట్టాయి. విద్యుత్తు లాగా, టెలిఫోన్ లాగా కంప్యూటర్ శక్తిని ఊరంతటికీ సరఫరా చెయ్యాలన్నది దాని ఆశయం. పని ఏళ్ల తరబడి సాగడంతో 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. పెద్ద యంత్రాన్ని పోగొట్టుకున్న అక్కడి పరిశోధకుల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అదే ఏట పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద, మల్టిక్స్‌లో తమకు నచ్చిన గుణాలను మాత్రం తీసుకుని ఒక సాదా వ్యవస్థను కట్టారు. ప్రతిదీ ఫైలే, ప్రతి ప్రోగ్రామూ ఒక చిన్న పనిని బాగా చెయ్యాలి, ఒక ప్రోగ్రాము ఫలితం ఇంకొకదానికి ముడిసరుకు కావాలి: ఇదే దాని నిర్మాణ సూత్రం. 1973లో రిచీ రూపొందించిన సీ భాషలో దాన్ని తిరిగి రాశారు. అంతవరకు ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆయా యంత్రపు సొంత ఆదేశ సంకేతాల్లో, అంటే అసెంబ్లీ భాషలో, రాయడమే రివాజు. యంత్రానికి కట్టుబడని భాషలో రాయడం వల్ల, ఆ భాషను కొత్త యంత్రపు ఆదేశాల్లోకి మార్చే కంపైలర్ ఒక్కటి ఉంటే వ్యవస్థ మొత్తం ఆ యంత్రం మీదకు వలస పోగలదన్న అవకాశం తెరుచుకుంది.

మెయిన్‌ఫ్రేమ్ నీడ మాత్రం యూనిక్స్‌ను పుట్టుక నుంచీ వదల్లేదు. బెల్ ల్యాబ్స్‌లో ప్రింటింగ్ పనులను జీఈ సంతతికి చెందిన మెయిన్‌ఫ్రేమ్‌కు పంపేవారు. ఆ యంత్రంలో ఎవరి ఖాతాకు ఖర్చు రాయాలో చెప్పే గుర్తును యూనిక్స్ వినియోగదారుల పట్టికలో ఒక గడిగా చేర్చారు. ఆ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమ్ పేరుతో ‘గీకోస్’ అని పిలిచే ఆ గడి, అర్ధశతాబ్దం తర్వాత కూడా, యూనిక్స్ తీరును అనుసరించే ఈనాటి ప్రతి లినక్స్ కంప్యూటర్‌లోని పాస్‌వర్డ్ ఫైలులో ఉంది. ఇప్పుడు అందులో వినియోగదారు పూర్తి పేరు రాస్తారు.

1956 నాటి న్యాయస్థానపు ఒప్పందం వల్ల టెలిఫోన్ సంస్థ కంప్యూటర్ వ్యాపారం చెయ్యడానికి వీలు లేకపోయింది. దాంతో యూనిక్స్ విశ్వవిద్యాలయాలకు నామమాత్రపు రుసుముతో, మూల ప్రోగ్రాముతో సహా చేరింది. 1975లో వెలువడిన దాని ఆరో కూర్పు కేంద్ర భాగం దాదాపు పదివేల వరసలు మాత్రమే. ఓఎస్/360తో పోలిస్తే అది సముద్రం పక్కన ఊరి చెరువు, కానీ ఒక విద్యార్థి మొదటి నుంచి చివరి దాకా చదివి అర్థం చేసుకోగల చెరువు. దాన్ని మెయిన్‌ఫ్రేమ్ మీదకు ఎక్కించాలన్న ఆలోచన కూడా పెద్ద కంపెనీలో కాక, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో టామ్ లయన్ అనే విద్యార్థికి 1970ల మధ్యలో వచ్చింది. అదే కాలంలో, 1977లో, ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ మిల్లర్ ఇంటర్‌డేటా 7/32 మీదకు, బెల్ ల్యాబ్స్‌లో రిచీ, స్టీవ్ జాన్సన్‌లు ఇంటర్‌డేటా 8/32 మీదకు యూనిక్స్‌ను తరలించారు. ఇవి మెయిన్‌ఫ్రేమ్‌లు కాకపోయినా ఆదేశాల తీరులో ఐబీఎం 360ని పోలినవి.

ప్రిన్స్‌టన్ ప్రయత్నం సాధ్యపడడానికి ఐబీఎం 1972లో విడుదల చేసిన వీఎం/370 కారణం. ఇది ఒక విలక్షణమైన వ్యవస్థ: ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ను అనేక మిథ్యాయంత్రాలుగా, అంటే వర్చువల్ మెషీన్లుగా, విభజించి, ప్రతి వినియోగదారుకూ ఒక పూర్తి కంప్యూటర్ తన సొంతమన్నట్టుగా కనిపించేలా చేస్తుంది. మిథ్యాయంత్రంలో నడిచే వ్యవస్థకు తాను అతిథినన్న సంగతి తెలియనక్కరలేదు. అది చెడిపోయినా ఇల్లు కూలదు, పక్కగదిలో జీతాల లెక్క సాగుతూనే ఉంటుంది. బీదర్ వాసులకు ఈ ఏర్పాటును బిద్రీ పనితనంతో పోల్చి చెప్పవచ్చు. తుత్తునాగం ప్రధానంగా గల లోహంతో పోతపోసిన పాత్ర మీద గాడులు తీసి, వాటిలో వెండిని పొదిగి, కోట మట్టితో చేసిన ద్రావణంలో ముంచినప్పుడు, ఒళ్లంతా నల్లబడి వెండి మాత్రం వెండిగానే నిలుస్తుంది. రెండు లోహాలూ కరిగి ఒకటి కావు, ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి. వీఎం/370లో యూనిక్స్ కూడా అలాగే ఒదిగింది. కోట్ల రూపాయల యంత్రాన్ని ఒక విద్యార్థి ప్రయోగానికి ఇవ్వడానికి ఏ కంప్యూటర్ కేంద్రమూ ఒప్పుకోదు, మిథ్యాయంత్రాన్ని ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

పొదగడం అంత తేలికగా మాత్రం జరగలేదు. యూనిక్స్ పెరిగి పెద్దదైన పీడీపీ-11, సిస్టమ్/360 తర్వాతి తరమైన ఐబీఎం 370 రెండూ కంప్యూటర్లే అయినా వాటి అలవాట్లు వేరు, వాటిలో అన్నిటికన్నా మొండిది అక్షరాల సంకేతం. కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్న ఒప్పందమే సంకేతం. యూనిక్స్ ఆస్కీ అనే సంకేతాన్ని నమ్ముకుంది. అందులో ఇంగ్లిషు అక్షరాలు ఇరవయ్యారూ వరస అంకెల్లో ఉంటాయి, కనుక మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఒకటి చొప్పున కలుపుకుంటూ పోవచ్చు. ఐబీఎం వాడే ఎబ్సిడిక్ పంచ్‌కార్డు మీది రంధ్రాల అమరిక నుంచి వచ్చినది. అందులో ‘ఐ’ తర్వాత కొన్ని గడులు ఖాళీ వదిలి ‘జె’, ‘ఆర్’ తర్వాత మళ్లీ ఖాళీ వదిలి ‘ఎస్’ వస్తాయి. మన వర్ణమాలలో ‘ఙ’ తర్వాత, ‘ఞ’ తర్వాత అర్థంలేని గుర్తులు చొప్పించి పిల్లలచేత వల్లె వేయించినట్టు ఉంటుంది అది. అక్షరాలు వరసగా ఉంటాయన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాములన్నీ అక్కడ తప్పు జవాబులు ఇచ్చాయి. ఒక అంకెలోని రెండు భాగాల్లో ఏది ముందు దాచాలన్న విషయంలోనూ పీడీపీ-11ది ఒక పద్ధతి, ఐబీఎంది దానికి వ్యతిరేకం. సవరించకుండా తరలిస్తే జంట అక్షరాలు తారుమారై ‘యూనిక్స్’ అన్న మాటే ‘నుక్సి’గా కనిపిస్తుందని, ఆ చిక్కుకు ఆ తరం నుక్సి సమస్య అని పేరు పెట్టింది.

ఇంతకన్నా లోతైన తేడా మనిషికీ యంత్రానికీ మధ్య సంభాషణ తీరులో ఉంది. యూనిక్స్ టెర్మినల్ ముందు కూర్చున్నవారు ఒక మీట నొక్కగానే ఆ ఒక్క అక్షరం కంప్యూటర్‌కు చేరుతుంది, కంప్యూటర్ వెంటనే దాన్ని తెర మీద చూపుతుంది. ఐబీఎం 1971లో తెచ్చిన 3270 టెర్మినళ్లు దీనికి భిన్నం: తెర మీది దరఖాస్తు అంతా నింపి ‘ఎంటర్’ నొక్కేవరకు మెయిన్‌ఫ్రేమ్‌కు ఏమీ తెలియదు, నొక్కాక తెర మొత్తం ఒక మూటగా వెళుతుంది. వేల మంది గుమాస్తాలు ఒకే యంత్రానికి పని అప్పగించే బ్యాంకులో ఈ పద్ధతే మేలు. ప్రతి మీటకూ మెయిన్‌ఫ్రేమ్‌ను నిద్రలేపితే అది వేరే పని చెయ్యలేదు. కాబట్టి మెయిన్‌ఫ్రేమ్ యూనిక్స్‌లన్నిటికీ తెర మొత్తాన్ని ఒకేసారి పంపే ఎడిటర్లను కొత్తగా రాయడమో, మీట మీటకూ జరిగే పనిని ముందు నిలిచి చూసుకునే చిన్న యంత్రాన్ని జోడించడమో తప్పలేదు. రెండు వ్యవస్థలూ పనిచేసే మనిషిని రెండు రకాలుగా ఊహించుకున్నాయి: ఒకటి ప్రయోగం చేస్తూ, తప్పు దిద్దుకుంటూ ఆలోచించే పరిశోధకుణ్ణి, రెండోది ఖాతా నింపి పంపే ఉద్యోగిని. సాంకేతిక గ్రంథాల్లో ఒక పేరాతో ముగిసే ఈ తేడాయే ఈ చరిత్రకు గుండెకాయ వంటిది.

ప్రిన్స్‌టన్‌లో మొదలైన పని ఆమ్‌డాల్ కార్పొరేషన్‌కు చేరింది. ఈ కంపెనీని స్థాపించిన జీన్ ఆమ్‌డాల్ సిస్టమ్/360 ప్రధాన రూపశిల్పి. 1970లో ఐబీఎంను వదిలి, ఐబీఎం ప్రోగ్రాములనే నడిపే పోటీ మెయిన్‌ఫ్రేమ్‌లను తయారుచేసి, మొదటిదాన్ని 1975లో నాసాకు అందించాడు. ఆ కంపెనీ ఇంజనీర్లు మొదట తమ సొంత వాడకానికి సిద్ధం చేసుకున్న యూనిక్స్‌ను 1981లో యూటీఎస్ అన్న పేరుతో అమ్మకానికి పెట్టారు. మెయిన్‌ఫ్రేమ్ మీద వాణిజ్యపరంగా నిలబడిన తొలి యూనిక్స్ అదే. బెల్ ల్యాబ్స్ కూడా తమ కొత్త 5ఈఎస్ఎస్ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి కావలసిన అపారమైన ప్రోగ్రాములను రాయడానికి చిన్న యంత్రాలు చాలక, సిస్టమ్/370 మీద యూనిక్స్‌ను నెలకొల్పింది. అయితే ఛానళ్లు, లోపాల నిర్వహణ, ఒకటికి మించిన ప్రాసెసర్ల సమన్వయం వంటి బరువులన్నీ తిరిగి రాయడం వృథా శ్రమ అని గ్రహించి, ఐబీఎం వారి టీఎస్ఎస్/370 అనే వ్యవస్థను అడుగున ఉంచి దాని మీద యూనిక్స్‌ను కట్టారు. ఇది వివేకవంతమైన నిర్ణయం. మెయిన్‌ఫ్రేమ్ విలువ దాని వేగంలో కన్నా ఏ ముక్క విరిగినా నిలదొక్కుకునే నేర్పులో ఉందని, ఆ నేర్పు ఏళ్ల తరబడి పోగైన అనుభవమే తప్ప అరువు తెచ్చుకోగలిగేది కాదని వారు ఒప్పుకున్నారు.

ఐబీఎం మాత్రం చాలాకాలం రెండు మనసులతో నడిచింది. 1980ల మధ్య ఐఎక్స్/370, దశాబ్దాంతంలో ఏఐఎక్స్/370, ఆ తర్వాత ఏఐఎక్స్/ఈఎస్‌ఏ అంటూ ఒకదాని వెంట ఒకటి తెచ్చినా ఏదీ వేళ్లూనలేదు. 1990ల మొదటి సగంలో పద్ధతి మార్చి, తమ ప్రధాన వ్యవస్థ ఎంవీఎస్‌కే ‘ఓపెన్ ఎడిషన్’ పేరుతో యూనిక్స్ ఆదేశాలను, ఫైళ్ల పద్ధతిని జోడించింది. దాని వారసుడైన ఓఎస్/390 యూనిక్స్ 95 ప్రమాణ ముద్రను కూడా పొందింది. అక్షరాలు లోపల ఎబ్సిడిక్‌లోనే ఉండి, పేరుకు మాత్రం ధ్రువపత్రం పొందిన యూనిక్స్ అది.

ఈ దశలోనే హైదరాబాద్ మళ్లీ రంగంలోకి వస్తుంది. ఈసీఐఎల్ 1980ల రెండో సగంలో అమెరికాకు చెందిన కంట్రోల్ డేటా కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకుని, సైబర్ శ్రేణి యంత్రాలను ‘మేధ’ అన్న పేరుతో తెచ్చింది. సైబర్ 180 శ్రేణి వ్యవస్థ పేరు నోస్/వీఈ. దాని లోపల యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ వాతావరణాన్ని కల్పించే వీఎక్స్/వీఈ అనే భాగాన్ని కంట్రోల్ డేటా సమకూర్చింది. అంటే ప్రిన్స్‌టన్‌లో ఒక విద్యార్థి పట్టుదలగా మొదలైనది పది పన్నెండేళ్లలో పెద్ద యంత్రాల తయారీదారులు తమంతట తాము ఇవ్వవలసిన హంగుగా మారిపోయింది. దేశంలోని మినీకంప్యూటర్ తయారీదారులు అప్పటికే యూనిక్స్‌నే తమ వ్యవస్థగా ఎంచుకుంటున్నారు. 1978లో ఒక తయారీదారు వెళ్లిపోతే ఏమవుతుందో చూసిన దేశానికి, ఏ తయారీదారుకూ కట్టుబడని వ్యవస్థ విలువ ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఇదే దశకంలో జాతీయ సమాచార కేంద్రం తన ప్రాంతీయ కేంద్రాలైన ఢిల్లీ, పుణె, భువనేశ్వర్, హైదరాబాద్‌లలో జపాన్‌కు చెందిన ఎన్ఈసీ ఎస్-1000 యంత్రాలను నెలకొల్పి, జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా నిక్‌నెట్ అనే వలలోకి తెచ్చింది.

రైలు టికెట్ల కథ మరో దారిలో నడిచింది. సీఎంసీ 1980ల మధ్యలో ఢిల్లీలో ప్రారంభించిన రిజర్వేషన్ వ్యవస్థ డిజిటల్ కంపెనీ వారి వ్యాక్స్ యంత్రాల మీద, యూనిక్స్‌తో కాక ఆ కంపెనీ సొంత వీఎంఎస్‌తో నడిచింది. దేశంలోని అయిదు రిజర్వేషన్ కేంద్రాలనూ కలిపే ‘కన్సర్ట్’ అనే కొత్త రూపాన్ని 1994లో మొదట అమలుచేసినది సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ అనుసంధానమయ్యాయి. ప్రయాణికుడు వరసలో నిలబడి ఉండగా ఆగకూడని పనికి వ్యవస్థ పేరు కన్నా దాని నిలకడ ముఖ్యమన్న మెయిన్‌ఫ్రేమ్ తర్కమే అక్కడా గెలిచింది.

1990ల చివరికి తెలుగువారి వలసకు, ఉపాధికి కంప్యూటర్ కేంద్రబిందువైంది. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే తడబడతాయన్న భయంతో అమెరికా బ్యాంకులూ బీమా కంపెనీలూ వాటిని రాసిన కోబాల్ భాష తెలిసినవారి కోసం వెతికాయి. హైదరాబాద్‌లోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో ‘మెయిన్‌ఫ్రేమ్స్’ అన్నది ఒక కోర్సు పేరుగా, కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్, డీబీ2 అన్నవి ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో కూడా వినిపించే మాటలుగా మారాయి. దాని పక్క గదిలో ‘యూనిక్స్, సీ’ అన్నది వేరే కోర్సు. ఒకరు నేర్చుకున్నది ఇంకొకరికి అక్కరలేదన్నంతగా ఈ రెండు వృత్తులూ వేరుపడ్డాయి. మెయిన్‌ఫ్రేమ్‌వారు పాతకాలంవారని, యూనిక్స్‌వారు కొత్తతరంవారని ఒక అభిప్రాయం కూడా స్థిరపడింది. పాతికేళ్లుగా ఆ రెండింటినీ కలపడానికి సాగుతున్న ప్రయత్నాల వార్త ఆ తరగతి గదులకు చేరలేదు.

ఆ రెండు వృత్తుల మధ్య గోడ కూలినది కూడా సరిగ్గా అప్పుడే. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ యూనిక్స్ మూల ప్రోగ్రామును వాడుకోకుండా, దాని తీరును అనుసరించి రాసిన స్వేచ్ఛా వ్యవస్థ. దాన్ని ఐబీఎం 370 మీద నడిపించాలని లినాస్ వెప్‌స్టాస్ ‘బిగ్‌ఫుట్’ అన్న పేరుతో 1998 చివరలో ప్రయత్నం ప్రారంభించాడు. జర్మనీలోని బోబ్లింగెన్ ఐబీఎం ప్రయోగశాల ఇంజనీర్లు కొందరు విడిగా, పెద్దగా ప్రచారం లేకుండా చేసిన పనిని ఐబీఎం 1999 డిసెంబరు 18న లోకానికి విడుదల చేసింది. యూనిక్స్‌కు ఎదురైన ఎబ్సిడిక్ చిక్కును ఈసారి ఎదుర్కోనేలేదు. లినక్స్ తన ఆస్కీతోనే అతిథిగా వచ్చింది, గృహస్థు తన ఎబ్సిడిక్‌తో తాను ఉన్నాడు. 2000 తొలి నెలల్లో డేవిడ్ బోయెస్ అనే ఇంజనీరు వీఎం కింద ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద 41,400 లినక్స్ మిథ్యాయంత్రాలను ఒకేసారి నిలబెట్టి చూపించాడు. అంతకు ముందు మెయిన్‌ఫ్రేమ్‌ను గతించినదిగా లెక్కగట్టినవారు తమ లెక్కను సరిచూసుకోవలసి వచ్చింది. అదే ఏట లినక్స్ కోసం మాత్రమే వాడే ప్రాసెసర్లను ఐబీఎం తక్కువ ధరకు ఇవ్వసాగింది. 2015లో లినక్స్ తప్ప మరే వ్యవస్థనూ నడపని ‘లినక్స్‌వన్’ మెయిన్‌ఫ్రేమ్‌లు వచ్చాయి. అమీర్‌పేటలోని రెండు గదుల మధ్య గోడకు ఇక సాంకేతిక కారణమేదీ మిగల్లేదు.

ఈ కథలో అమెరికా భాగాన్ని ఇంత వివరంగా చెప్పగలగడానికి కారణం అక్కడి టేపులూ మాన్యువళ్లూ మిగలడమే. పాత యూనిక్స్ కూర్పులను వాటి హక్కుదారు 2002 జనవరిలో స్వేచ్ఛగా వాడుకోవచ్చని ప్రకటించారు. రోజర్ బౌలర్ 1999లో విడుదల చేసిన హెర్క్యులిస్ అనే ప్రోగ్రాము మామూలు కంప్యూటర్‌ను ఐబీఎం 370లా ప్రవర్తింపజేస్తుంది. అందువల్ల చిద్రిలో ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి తన ల్యాప్‌టాప్ మీద 1970ల నాటి మెయిన్‌ఫ్రేమ్‌ను నడిపి చూడగలడు. ఈసీఐఎల్ యంత్రాల విషయంలో, సీఎంసీ ఇంజనీర్ల మరమ్మతు పుస్తకాల విషయంలో కూడా అలా భద్రపరిచే పని జరగాలి. అయస్కాంత టేపు మీది గుర్తులు కొన్ని దశాబ్దాలకే చెదిరిపోతాయి. ఆ యంత్రాలను విప్పి చూసిన చేతులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లు దాటాయి. టీడీసీ మాన్యువళ్లు, మేధ టేపులు, సీఎంసీ సర్వీసు డైరీలు ఇంట్లో ఏ అటక మీద ఉన్నా, వాటిని తూకానికి వెయ్యకుండా దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అప్పగించాలని, ఆ పెద్దల జ్ఞాపకాలను వారి మాటల్లోనే రికార్డు చెయ్యాలని ఆయా కుటుంబాలకు విన్నపం.